ఊరు వేరు, సంగం వేరు

తెలుగులో కమ్యూనిటీ అన్న మాటతో ఒక చిక్కుంది. నిఘంటువులో దానికెన్ని అర్థాలున్నా, రైల్లో ఎదుటి బెంచీ పెద్దమనిషి "మీది ఏ కమ్యూనిటీ బాబూ?" అని అడిగాడంటే ఆయన అడుగుతున్నది కులం. కమ్యూనిటీ హాలంటే ఏదో ఒక కులానికి ఎమ్మెల్యే నిధులతో కట్టించి ఇచ్చిన హాలు. ఇటువంటి మాటను పట్టుకొచ్చి కరపత్రాల్లో "కమ్యూనిటీ ఆధారిత హెచ్.ఐ.వి. సేవలు" అని అచ్చువేస్తే చదివినవాడికి ఏమర్థం కావాలి? "సముదాయ ఆధారిత" అని మార్చినవారు ఉన్నారు. అందువల్ల మాట సంస్కృతమయింది గాని స్పష్టం కాలేదు.

పదాల మీద పట్టింపు మనకెవరికీ కొత్త కాదు. ఒక్క ఇంగ్లీషు మాటకు తెలుగు వెతకడానికి వారం రోజులు వాదించుకున్న సందర్భాలు మనకు బోలెడు. కాని ఇది అనువాదంతో తీరే గొడవ కాదు. ఆ మాటకు "ఊరు" అని అర్థం చెప్పుకుంటే ఒక రకం ఏర్పాటు వస్తుంది. "ఒకే కష్టంలో ఉన్నవారు" అని చెప్పుకుంటే ఇంకో రకం ఏర్పాటు వస్తుంది. మొదటిది ధూళిమిట్ట వంటి చోట మనిషిని మందుకు దూరం చేస్తుందనీ, రెండోది దగ్గర చేస్తుందనీ నా అభిప్రాయం. దాన్ని నిలబెట్టుకోవడానికి ఒకసారి ఆఫ్రికా ఖండం దాకా పోయి రావాలి. ఓపిక పట్టండి.

మొజాంబిక్ దేశంలో జాంబెజీ నది పారే టెటె అనే ప్రాంతముంది. అక్కడ 2008లో ఎం.ఎస్.ఎఫ్. అనే అంతర్జాతీయ వైద్యుల సంస్థ, స్థానిక ఆరోగ్యశాఖ కలిసి చూడటానికి చాలా చిన్నదైన పనొకటి మొదలుపెట్టాయి. హెచ్.ఐ.వి. మందులు జీవితాంతం వేసుకోవలసినవి. నెలనెలా ఆసుపత్రికి నడిచిపోయి, పొద్దుటినుంచీ వరుసలో నిలబడి, మాత్రలు తెచ్చుకునేసరికి ఒక కూలిరోజు గడిచిపోతుంది. రెండు నెలలు ఓర్చుకున్నవాడు మూడో నెల మానేస్తాడు. అందుకని అక్కడి రోగులు జట్లు కట్టారు. జట్టుకు ఆరుగురు దాకా. ఈ నెల ఒకరు, వచ్చే నెల మరొకరు, వంతులవారీగా ఆసుపత్రికి పోతారు. పోయేముందు అందరూ ఒకచోట కూర్చుని ఎవరి దగ్గర ఎన్ని మాత్రలు మిగిలాయో లెక్కచూసుకుంటారు. ఎవరికి దగ్గు, ఎవరికి నీరసం అన్న సంగతులు చెప్పుకుంటారు. వెళ్ళినవారు తమ పరీక్షలు చేయించుకుని, మిగతావారి సంగతి కూడా అక్కడ చెప్పి, అందరి మందులూ ఒకే సంచిలో వేసుకుని తిరిగివస్తారు. ఆ లెక్కన ఆరు నెలలకొకసారి ప్రతివారూ వైద్యుని కంట పడతారు.

తొలి ఫలితాలు అచ్చయినప్పుడు, జట్లలో ఉన్న 1,301 మందిలో 1,269 మంది చికిత్సలో నిలిచి ఉన్నారు. జాడ తెలియకుండా పోయినవారు ఇద్దరే. జట్లలో చేర్చుకున్నది అప్పటికే మందులకు కుదురుకున్నవారిని గనుక అంకె కొంత అందంగా కనిపిస్తుందన్నది నిజమే. అయినా మందులు మధ్యలో మానేసేవారి లెక్కలు ఎప్పుడైనా చూసిన వారికి ఆ "ఇద్దరు" అన్న మాట దగ్గర చూపు ఆగుతుంది.

దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ శివారు ఖయెలిత్షాలో కథ ఇంకొంచెం ముందుది. హెచ్.ఐ.వి. వల్లనే ఎయిడ్స్ వస్తుందా అని దేశాధ్యక్షుడు థాబో ఎంబెకీ స్వయంగా సందేహాలు పుట్టిస్తున్న కాలంలో, 2001 మే నెలలో, అక్కడి పేదల ఆసుపత్రుల్లో మందులివ్వడం మొదలయింది. వెనుక ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ అనే ఉద్యమముంది. 1998 డిసెంబరు 10న పుట్టిన ఆ సంస్థ నాయకుడు జాకీ అఖ్మత్, తనకు కొనుక్కునే వీలున్నా, మందులు ప్రభుత్వాసుపత్రుల్లో పేదలకు దొరికేదాకా తానూ వేసుకోనని పట్టుబట్టి ప్రాణం మీదికి తెచ్చుకున్న మనిషి. తల్లి నుంచి బిడ్డకు సోకకుండా ఆపే మందును ప్రభుత్వం ఇచ్చి తీరాలని 2002 జులైలో రాజ్యాంగ న్యాయస్థానం చేత చెప్పించింది ఆ సంస్థే. ఆ ఉద్యమంలో నాకు నచ్చినదేమిటంటే, రోగులకు మందు పేర్లు నేర్పారు. ఏ మాత్ర ఏం చేస్తుంది, సీడీ4 అంటే ఏమిటి, వైరల్ లోడు ఎందుకు చూడాలి అన్న పాఠాలు ఇళ్ళల్లో, చర్చి వరండాల్లో చెప్పుకున్నారు. 2007 నుంచి అక్కడే క్లబ్బులు మొదలయ్యాయి. పాతిక ముప్పైమంది రెండు నెలలకొకసారి కలుస్తారు, మాట్లాడుకుంటారు, ముందే కట్టిపెట్టిన మందుల పొట్లాలు తీసుకుని గంటలో వెళ్ళిపోతారు. నడిపేది డాక్టరు కాదు, కొద్దిపాటి శిక్షణ పొందిన మామూలు మనిషి.

ఇదంతా వాళ్ళ ఘనత. మాత్ర సంగతికి వస్తే అందులో మన పాలు చిన్నది కాదు. గుంటూరులో పుట్టిన ఎ.వి. రామారావు గారు హైదరాబాదులో ఐ.ఐ.సి.టి. సంచాలకులుగా ఉన్న రోజుల్లో ఎ.జెడ్.టి. అనే తొలి హెచ్.ఐ.వి. మందును చవకగా తయారుచేసే పద్ధతి రూపొందించారు. సిప్లా దాన్ని 1993లో మార్కెట్లో పెట్టింది. 2001 ఫిబ్రవరిలో అదే సిప్లా, మూడు మందుల కూర్పును ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానని ఎం.ఎస్.ఎఫ్.కు మాట ఇచ్చింది. పాశ్చాత్య కంపెనీల ధర అప్పట్లో పదివేల డాలర్ల పైమాట. 2017 సెప్టెంబరులో డోలుటెగ్రవిర్ కలిసిన కొత్త కూర్పును ఏడాదికి సుమారు 75 డాలర్లకు పేద దేశాలకు ఇచ్చే ఒప్పందం కుదిరినప్పుడు అందులో ఉన్న తయారీదారులు రెండు: ఒకటి హైదరాబాదు అరబిందో, ఇంకొకటి హైదరాబాదు మాట్రిక్స్ ల్యాబ్స్‌ను అంతకు పదేళ్ళ ముందు కొనుక్కున్న మైలాన్. ఆర్నెల్లకొక ఇంజెక్షన్‌తో హెచ్.ఐ.వి. సోకకుండా కాచే లెనకాపవిర్ దక్షిణాఫ్రికా, ఉగాండా యువతుల మీద జరిపిన పరీక్షల్లో నెగ్గిందని 2024లో తెలిసింది కదా, దాని చవక రూపాన్ని 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకు అందిస్తామని 2025 సెప్టెంబరులో ప్రకటించిన కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, హెటిరో. రెండూ హైదరాబాదువే.

కాబట్టి టెటె సంచిలోని మాత్రలకూ మనకూ చుట్టరికముంది. గర్వపడవచ్చు, నేనూ పడతాను. అయితే చవక మందుల మాట 2001లోనే ఆఫ్రికాకు అందితే, మన ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న గాని మొదలు కాలేదన్నది ఆ గర్వంతో పాటే గుర్తుంచుకోవలసిన తేదీ.

ఆ కాలం మనలో చాలామందికి పులిరాజా కాలం. రోడ్డు పక్క పెద్ద పెద్ద బోర్డుల మీద "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అన్న ప్రశ్న తప్ప మరేమీ ఉండేది కాదు. రాష్ట్రం రాష్ట్రమంతా నవ్వుకుంది. జబ్బు పేరు ఇంటింటి మాట అయిన మాట నిజం, అది చిన్న పని కాదని ఒప్పుకుంటాను. కాని నా మట్టుకు నాకు ఆ ప్రచారం మిగిల్చిన అవశేషం వేరుగా కనిపిస్తుంది. ఎయిడ్స్ అంటే పులిరాజా వంటి "తిరుగుబోతు"కు వచ్చేదన్న ముద్ర జనం మనసులో స్థిరపడింది. భర్త వల్ల సోకిన ఇల్లాలు ఆసుపత్రి మెట్లెక్కేటప్పుడు ఆ నవ్వు కూడా ఆమె వెంట వచ్చేది. భాష కూడా ఈ పని ముందునుంచే చేస్తున్నది. లైంగిక వ్యాధులను మనం సుఖవ్యాధులన్నాం! పొలంలో పాము కరిస్తే దాన్ని వ్యవసాయ సుఖం అంటామా? ప్రభుత్వం తరువాత వాటి చికిత్సకు "సురక్ష క్లినిక్" అని మర్యాదయిన పేరు పెట్టింది గాని, పల్లెల్లో ఇప్పటికీ ఆ జబ్బులు ముందు ఆర్.ఎం.పి. దగ్గరికి, అక్కడ తగ్గకపోతే బస్టాండు గోడల మీద ప్రకటనలంటించే "గుప్తరోగ నిపుణుడి" దగ్గరికి పోతాయి. ఆ నిపుణుడు ఫలానా తారీకున ఫలానా లాడ్జిలో ఉంటాడు. మందు సంగతి దేవుడెరుగు, మనిషికి ఏం కావాలో మాత్రం అతనికి బాగా తెలుసు: వేరే ఊరు, పేరడగని గది, తలుపుకు గడియ.

అయితే ఆ రోజుల్లోనే మన దగ్గర టెటె వంటిది కాకపోయినా దాని బంధువనదగ్గది ఒకటి జరిగింది. 2003లో గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో ఆరు రాష్ట్రాల్లో అవాహన్ అనే కార్యక్రమం మొదలయింది. మన రాష్ట్రంలో కోస్తా జిల్లాలు హిందుస్థాన్ లేటెక్స్ వారి ట్రస్టు, తెలంగాణ రాయలసీమలు అలయెన్స్ అనే సంస్థ చూసుకున్నాయి. పడుపు వృత్తిలో ఉన్న స్త్రీలనే కార్యకర్తలుగా తీసుకున్నారు. ఒక్కొక్కరు తమకు తెలిసిన నలభై యాభైమందిని కలిసేవారు, నిరోధ్‌లు పంచేవారు, ఒంట్లో బాగాలేదన్నవారిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయేవారు, పోలీసులు పట్టుకుపోతే స్టేషను ముందు నిలబడేవారు. చివరికి సొంత సంఘాలు పెట్టుకున్నారు. 2011లో లాన్సెట్‌లో వచ్చిన అంచనా ప్రకారం ఆ ఆరు రాష్ట్రాల్లో అయిదేళ్ళలో దరిదాపు లక్షమందికి సోకకుండా ఆగింది. తరువాత ఆ పనంతా దశలవారీగా ప్రభుత్వం చేతికి వెళ్ళింది. హెచ్.ఐ.వి.తో బతుకుతున్నవారు కూడా టీ.ఎన్.పీ. ప్లస్ పేరుతో సొంత కూటమి కట్టుకున్నారు. గమనించండి, ఇందులో ఎక్కడా "ఊరు" లేదు. రాజమండ్రిలో గాని, మరోచోట గాని పనిచేసినది ఊరి పెద్దలు కాదు, ఊరు వెలివేసినవారు.

ఇక ధూళిమిట్ట.

ఒకప్పుడు వరంగల్ జిల్లా మద్దూరు మండలంలోని ఊరు, 2016 నుంచి సిద్దిపేట జిల్లా, ఆ తరువాత తనే ఒక మండల కేంద్రం. మా బంధువులున్న ఊరు గనుక ఏడాదికి రెండుసార్లయినా పోతుంటాను. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి భీవండికి, ముంబయికి, దుబాయికి పోయినవాళ్ళు, హైదరాబాదులో లారీలు తోలేవాళ్ళు, కట్టుబడి పనుల్లో ఉన్నవాళ్ళు ఎందరో. జొహానెస్‌బర్గ్ గనులకు పోయి ఏడాదికొకసారి ఇంటికి వచ్చే మొజాంబిక్, లెసోతో కూలీల గురించి చదివినప్పుడు వాళ్ళు నాకు పరాయివాళ్ళనిపించలేదు. జబ్బు నడిచే దారి రెండుచోట్లా ఒకటే: ఇంటికి దూరం చేసే బతుకుతెరువు.

సంఖ్య మాత్రం ఒకటి కాదు. మొజాంబిక్‌లో పెద్దవాళ్ళలో దాదాపు ఎనిమిదిమందికి ఒకరు హెచ్.ఐ.వి.తో ఉన్నారు. తెలంగాణలో 2021 అంచనా 0.47 శాతం. దేశపు సగటుకు ఇది రెట్టింపు పైమాటే, అయినా సగటున వెయ్యిమంది పెద్దవాళ్ళలో అయిదుగురి లోపు. తక్కువ ఉండటం అదృష్టం. ఆ అదృష్టంలోనే ఒక చిక్కుంది. అక్కడ వాడకు పదిమంది ఉన్నప్పుడు రహస్యం తనంత తాను పలచబడుతుంది, ఆరుగురు చెట్టుకింద కూర్చుంటే ఎవరూ తలతిప్పి చూడరు. ఇక్కడ ఊరికి ఒకరో ఇద్దరో, అదీ ఒకరికొకరు తెలియరు. తెలిసినా తెలియనట్టుంటారు. ఊరికి ఆరుగురిని జట్టుకట్టమనడం కుదరని పని.

అందుకే మనవాళ్ళు దగ్గరున్న చికిత్సా కేంద్రాన్ని దాటి దూరపు కేంద్రానికి పోతారు. సిద్దిపేటలో అయితే ఎవరైనా చూస్తారని వరంగల్‌కో హైదరాబాదుకో బస్సెక్కేవారుంటారు. ఛార్జీలు పోతాయి, రోజు పోతుంది. ఇంట్లో మోకాళ్ళ నొప్పులకు మందులని చెప్తారు. ఇది తెలివితక్కువతనమని నేననను. తన ఊరిని ఎరిగిన మనిషి వేసుకున్న లెక్క అది.

అధికారులు "కమ్యూనిటీ" అనగానే ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ, పొదుపు సంఘం, పంచాయతీ అని వరుసగా చెప్పుకుపోతారు. పోయినసారి వెళ్ళినప్పుడు తెలిసిన ఒక ఆశా కార్యకర్తను ఇదే అడిగాను, ఆ మందులు మీరే ఇంటికి తెచ్చిస్తే బాగుంటుంది కదా అని. ఆమె నవ్వింది. "నేను బీపీ గోలీలు ఇయ్యబోతెనే పక్కింటోళ్ళు ఏమాయెనని అడుగుతరన్నా. గా గోలీలు పట్టుకోని ఒక్కింటికే నెల నెల పోతె ఇంకేమన్న ఉన్నదా? ఆళ్ళు మందులు బంద్ జేస్తరు గాని నన్ను ఇంట్లకు రానియ్యరు" అంది. పదిహేనేళ్ళుగా ఊళ్ళో పురుళ్ళూ టీకాలూ చూసుకుంటున్న మనిషి ఆమె. మంచి మనిషి. ఆమె మంచితనంలో లోపమేమీ లేదు, ఆమె ఆ ఊరి మనిషి కావడమే ఇక్కడ అడ్డు.

2017లో వచ్చి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలయిన హెచ్.ఐ.వి. చట్టం ఉంది. సమ్మతి లేకుండా ఒకరి స్థితి బయటపెట్టకూడదనీ, ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో వివక్ష చూపకూడదనీ అది గట్టిగానే చెప్పింది. కాని వాకిట్లో కూర్చున్న పొరుగింటి అవ్వ చూపు మీద చట్టం పనిచేయదు.

మరి ఏ మాట సరిపోతుంది? నా మనసుకు తట్టినది "సంగం". పుస్తకాల సంఘం కాదు, తెలంగాణ నోటి సంగం. ధూళిమిట్ట పక్కనే బైరాన్‌పల్లి ఉంది. 1948 ఆగస్టు 27న రజాకార్లూ నిజాం సైనికులూ ఆ ఊరి మీద పడి చేసిన హత్యాకాండ తెలియనిది కాదు. ఆ కాలపు ఆంధ్ర మహాసభను జనం సంగమనే అన్నారు. దొర ఒకవైపు, పటేలు ఒకవైపు ఉన్న ఊళ్ళో సంగమంటే ఊరంతా కాదు. దెబ్బ తగిలినవారు చేతులు కలపడం. ఒక ఊరి సంగపోళ్ళకు పక్క ఊరి సంగపోళ్ళు తోడు. ఊరి సరిహద్దు దానికి అడ్డు కాలేదు.

హెచ్.ఐ.వి.కి కావలసిన కూడిక కూడా ఇటువంటిదే. ధూళిమిట్టలో ఒకరు, చేర్యాలలో ఇద్దరు, మద్దూరులో ఒకరు, హుస్నాబాదు వైపు ఇంకో ఇద్దరు. వీరిని కలపగలిగేది మందుల కేంద్రంలో వారిని రోజూ చూసే, వారి వంటి జబ్బే ఉన్న ఒక మనిషి. కలిసే చోటు ఎవరి ఊళ్ళోనూ ఉండనక్కరలేదు. ఏ సంతరోజునో జనంలో కలిసిపోయే చోటు చాలు. మూడు నెలలకొకసారి ఒకరు పోయి ఆరుగురివీ తేవచ్చు. ఇష్టం లేనివారు తమవి తామే తెచ్చుకోవచ్చు. ఇది గాలిలో మేడ కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బస్సులు ఆగిపోయినప్పుడు, ఒకేసారి మూడు నెలల మందులివ్వడానికీ, కేంద్రానికి రాలేనివారికి తోటివారి ద్వారా చేర్చడానికీ జాతీయ సంస్థ అనుమతించింది. అత్యవసరంలో చేయగలిగినది మామూలు రోజుల్లో ఎందుకు చేయకూడదన్నది నా ప్రశ్న.

ఒక మిత్రుడు దీనికి అడ్డుచెప్పాడు. ఇంత హంగామా ఎందుకు, పేరు లేని డబ్బాలో పోస్టులో పంపితే సరిపోతుంది కదా, పుస్తకాలు రావడం లేదా అన్నాడు. ఆలోచించదగ్గ మాటే, కొందరికి అదే మేలు కూడా. కాని పోస్టు డబ్బా ప్రశ్నకు జవాబు చెప్పదు. కొత్త మాత్ర మొదలుపెట్టాక బరువు పెరుగుతున్నాను, మానేయనా? పెళ్ళి సంబంధం వచ్చింది, చెప్పాలా? వైరల్ లోడు కనిపించడం లేదన్నారు, బిడ్డను కనవచ్చా? ఇవి డాక్టరును రెండు నిమిషాల్లో అడగగలిగినవి కావు, ఇంట్లో అసలే అడగగలిగినవి కావు. మందు మానేసేవారిలో చాలామంది మందు దొరకక మానరు, ఇటువంటి ప్రశ్న ఒకటి గొంతులో అడ్డుపడి మానతారని నా నమ్మకం.

ఆ ప్రశ్నలు వినే మనిషికి జీతం కావాలి. అసలు పేచీ ఇక్కడే. కేప్‌టౌన్‌లో 2001లో మొదలయిన మదర్స్ టు మదర్స్ అనే సంస్థ, హెచ్.ఐ.వి. ఉన్న తల్లులనే జీతమిచ్చి ఆసుపత్రుల్లో పెట్టింది, కొత్తగా తెలుసుకున్న గర్భిణి పక్కన కూర్చోవడానికి. కూర్చోవడం వారి ఉద్యోగం. మన దగ్గర ఇటువంటి పనిని సేవ అంటాం. సేవ అన్నాక గౌరవ వేతనమంటాం, అది కూడా ఆలస్యంగా ఇస్తాం. మూడో దశ జాతీయ కార్యక్రమంలో (2007 నుంచి 2012 దాకా) పల్లెలకు లింక్ వర్కర్లను పెట్టారు. 2013 నుంచి విహాన్ పేరుతో సంరక్షణ కేంద్రాలు, చాలాచోట్ల హెచ్.ఐ.వి. ఉన్నవారి కూటముల చేతనే, నడిపించారు. ఎవరి పని చూసినా ఒక ప్రాజెక్టుకూ దాని గడువుకూ కట్టుబడినదే. మందు జీవితాంతం, మనిషి గడువు మేరకు!

2025 జనవరిలో అమెరికా తన విదేశీ సహాయాన్ని ఆపివేసినప్పుడు దక్షిణాఫ్రికాలో ఏది ముందు ఆగిందో చూడండి. ఆ దేశం హెచ్.ఐ.వి. మాత్రలను ప్రధానంగా తన సొంత డబ్బుతోనే కొంటుంది. అమెరికా వాటా మొత్తం వ్యయంలో సుమారు 17 శాతం. అది ఎక్కువగా మనుషుల మీద ఖర్చయ్యేది: ఇంటింటికి పోయేవారు, మందులు మానేసినవారిని వెతికి తెచ్చేవారు, పడుపు వృత్తిలో ఉన్న స్త్రీలకూ స్వలింగ ప్రియులకూ ప్రత్యేకంగా ఉన్న క్లినిక్కుల సిబ్బంది. మాత్రలు అరల్లోనే ఉన్నాయి, ఆ క్లినిక్కుల తలుపులు మూతపడ్డాయి. వాళ్ళు మళ్ళీ మామూలు ఆసుపత్రి వరుసలో, తమను ఎరిగిన నర్సమ్మ ముందు నిలబడవలసి వచ్చింది.

మన కార్యక్రమం చాలావరకు మన డబ్బుతోనే నడుస్తున్నది గనుక ఆ దెబ్బ మనకు అలా తగలలేదు. హైదరాబాదు శివార్లలో మాత్రల యంత్రాలు ఆగవు, 2027 వచ్చేసరికి ఇంజెక్షను కూడా తయారవుతుంది. సిద్దిపేటకు ఆ మందులన్నీ వస్తాయి, అందులో నాకు అనుమానం లేదు. వచ్చే బడ్జెట్టు కాగితాల్లో నేను వెతికేది ఇంకొక పద్దు: ఆరు ఊళ్ళ ఆరుగురిని ఎరిగి, వారిలో ఒకరు రెండు నెలలుగా రాలేదని గమనించి, ఎవరికీ అనుమానం రాకుండా ఫోను చేయగల మనిషికి నెల జీతం ఎంత రాశారు, ఎన్నేళ్ళకు రాశారు అని.